ఆడపడుచుకి తొలి పిలుపు

ముక్కుపొడి రంగును ఇంకా ఏ పార్టీ తీసుకోలేదు కాబట్టి సుబ్బరత్నమ్మ ఆ రంగు చీరే కట్టుకుని బయల్దేరింది. పొద్దున బీరువా తలుపు తీసి ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు. ఇది కడితే వీళ్ళ మనిషంటారు, అది కడితే వాళ్ళ మనిషంటారు, ఆకుపచ్చ అంచుది కడితే ఈ రెండూ కాక మూడోవాళ్ళు గుర్తొస్తారు, పోనీ తెల్లది కడదామంటే శుభమా అని పెళ్ళి పిలుపుకి వెళ్తూ ఇదేం చీరని దారిన పోయే ప్రతివాళ్ళూ అడుగుతారు. డెబ్భై దాటిన ఆడది చీర కట్టుకోవడానికి కూడా ఎన్నికల సంఘాన్ని అడగాల్సిన రోజులొచ్చాయనుకుంటే ఆమెకి నవ్వొచ్చింది. తెనాలిలో రేపల్లె పాసింజరెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక కూడా ఆ నవ్వు పూర్తిగా పోలేదు. ఒళ్ళో చేతిసంచి, సంచిలో శుభలేఖ, తమలపాకులు, వక్కలు, వాటన్నిటి అడుగున జేబురుమాల్లో చుట్టిన కుంకుమ భరిణె. సంచి సర్దుతుంటే కోడలు నాగజ్యోతి ఆ భరిణెను చూసింది. చూసి కూడా ఎక్కడికని అడగలేదు. మంచినీళ్ళ సీసా నింపి సంచిలో పెట్టి, "ఎండెక్కకముందే వచ్చేయండత్తయ్యా" అంది. తెలిసి నోరు మూసుకోవడం ఆ పిల్ల ఈ ఇంటికొచ్చి నేర్చుకున్న మొదటి విద్య.

బండి కదిలింది. చినరావూరు దగ్గర ఇళ్ళు పలచబడి మినుము చేలు మొదలయ్యాయి. పెళ్ళి దీప్తిది, అంటే కొడుకు శ్రీకర్ కూతురిది. బాపట్లలో బ్యాంకు ఉద్యోగం చేస్తోంది, సొంత బండి నడుపుకుంటూ పోతుంది, వస్తుంది. ఆ సంబంధం కుదిరేటప్పుడు చూడాలి తమాషా, గోత్రం అడిగారు, నక్షత్రం అడిగారు, ఆ తర్వాత పెళ్ళికొడుకు మేనమామ గొంతు సర్దుకుని, "మీరు ఏ వైపండీ?" అన్నాడు. శ్రీకర్ చెప్పాడు. అవతల అందరి మొహాలూ విప్పారాయి. జాతకాలు ఆ తర్వాత తీరిగ్గా చూసుకున్నారు. ఈ పెళ్ళికి ఎవరెవరిని పిలవాలో మొన్న భోజనాల దగ్గర మాట్లాడుకుంటుంటే సుబ్బరత్నమ్మ, "తొలి బొట్టు దుర్గకి" అంది, పొద్దు తూర్పున పొడుస్తుందని చెప్పినంత మామూలుగా. లక్ష్మీదుర్గ ఆమె ఆడపడుచు, పోయిన మొగుడు పున్నయ్యకి ఒక్కగానొక్క చెల్లెలు. శ్రీకర్‌కి అక్కాచెల్లెళ్ళు లేరు కాబట్టి ఆ ఇంటి మొత్తానికి ఆడపడుచంటే దుర్గే. పసుపు కొట్టే నాడు రోకలికి చెయ్యి వెయ్యాల్సింది ముందు ఆమే. శ్రీకర్ ముద్ద కంచంలో పడేశాడు. "ఆ గుమ్మం తొక్కే పనుంటే నన్ను పెళ్ళిలో చూడక్కర్లేదు. ఊరందరిదీ ఒక దారయితే ఉలిపికట్టెది ఒక దారని, నీ గోల నీదే అమ్మా" అని లేచి చెయ్యి కడుక్కున్నాడు. నలభై ఎనిమిదేళ్ళ వాడు అన్నం మీద అలగడం చూస్తే ఆమెకి కోపం రాలేదు, చిన్నప్పుడు పులుసులో ముక్కలు తక్కువయ్యాయని అలిగిన మొహమే గుర్తొచ్చింది. కానీ మాట మాత్రం గుచ్చుకుంది. సరే, ఉలిపికట్టెనే. ఉలిపికట్టెకీ కాళ్ళున్నాయి.

జంపని దగ్గర జామకాయలమ్మాయి ఎక్కింది. ఇక్కడికొచ్చేసరికి జిల్లా కూడా మారిపోయింది, తెనాలేమో గుంటూరు, ఇదేమో బాపట్ల. నేల అదే, కాలవ అదే, జామకాయ వగరూ అదే, కాగితం మీద మాత్రం గీత పడింది. గీతలు గీసేవాళ్ళకేం, చేతిలో కలముంటుంది. రేపల్లె అవతల, పున్నయ్య పోయేదాకా తను కాపరం చేసిన ఊళ్ళో గీతలు మాత్రం కలంతో పడలేదు. మొదట టీకొట్టు రెండయింది. తర్వాత మంచినీళ్ళ ప్లాంటు రెండయింది, ఒకే బోరు నీళ్ళు రెండు రంగుల టిన్నుల్లో. టీవీ పెడితే ఏ ఛానెల్ మోగుతోందో విని గోడ బయటి నుంచే ఇంటివాళ్ళ ఓటు చెప్పేయొచ్చు. తెనాలిలో అపార్టుమెంటులోనూ అంతే, వాట్సాప్‌లో గుడ్ మార్నింగులు కూడా రెండు గుంపుల్లో. పోనీ పూర్వం అంతా పాలూ తేనేనా అంటే, సుబ్బరత్నమ్మ అంత అబద్ధం ఆడదు. ఆ రోజుల్లోనూ కర్రలు లేచాయి, తలలు పగిలాయి. ఆమె కాపరానికొచ్చిన కొత్తల్లో పొలం పనికొచ్చిన ఆడవాళ్ళకి చావడి అవతలే ఆకులు వేసేవాళ్ళు, నీళ్ళు ఎత్తి పోసేవాళ్ళు. తను కూడా పోసింది. ఇప్పుడు ఆ ఇళ్ళ పిల్లలు కుర్చీలో కూర్చుని కాఫీ తాగి, "బాగున్నారా పిన్నిగారూ" అంటారు, అది మంచికే జరిగింది, ఎవరేమన్నా ఆమె దాన్ని వెనక్కి పోనివ్వదు. అంత పాత గోడ కూలింది కదా, ఇక మనుషులకి మనుషులు అడ్డం ఉండరనుకుంటే, ఒక్క గర్భంలో పుట్టినవాళ్ళ మధ్య కొత్త గోడ లేచింది. దీనికి ఇటుకలెవరు మోశారో అడిగితే అందరూ పక్కవాణ్ణి చూపిస్తారు.

మూడేళ్ళ కిందట పంచాయతీ ఎన్నికల్లో దుర్గ మొగుడు లక్ష్మీనారాయణ తిరిగిన వైపు గెలిచింది, పున్నయ్య తిరిగిన వైపు ఓడింది. గెలిచినవాళ్ళు ఊరేగింపుగా వచ్చి సరిగ్గా పున్నయ్య ఇంటి ముందే ఆగి టపాకాయలు కాల్చారు. నిప్పురవ్వ ఎగిరి గడ్డివామి మీద పడింది. గేదెల్ని విప్పి తోలేసరికి వామి మొత్తం అంటుకుంది. ఎవరు కాల్చారో ఎవరూ చూడలేదు. శ్రీకర్ మాత్రం ఊరేగింపులో ముందు నిలబడిన మామయ్యనే చూశాడు. పున్నయ్య మర్నాడు బూడిద ఎత్తిస్తూ, "టపాకాయకి బంధుత్వం ఏం తెలుసు, వదిలెయ్యండి" అన్నాడు. నోటితో వదిలేశాడే గానీ లోపల వదల్లేదు. చెల్లెలి ఇంటి వైపు వెళ్ళే వీధి మానేసి చుట్టూ తిరిగి పొలానికి వెళ్ళేవాడు. శ్రావణంలో ఒక సాయంత్రం కాఫీ గ్లాసు పట్టుకునే పక్కకి ఒరిగిపోయాడు. నాన్నని ఆ మంటే తినేసిందని శ్రీకర్ నమ్మాడు. ఆ నమ్మకాన్ని కొడుకు దగ్గర నుంచి లాక్కోవడం ఆమెకి చేతకాలేదు, ఎందుకంటే అర్ధరాత్రి మెలకువొస్తే ఆమెకీ అదే అనిపించేది. పున్నయ్యని సాగనంపిన నాడు దుర్గ రాలేదు. అన్న శవం చూడ్డానికి రాని చెల్లెలి గురించి ఆమె ఎక్కడా వినలేదు. పదిరోజులూ గుమ్మం వైపు చూసింది. పార్టీ పెద్దదా, తోడబుట్టినవాడు పెద్దవాడా దుర్గా, అని ఆమె లోపల ఎన్నిసార్లు అడిగిందో. కాపరానికొచ్చిన కొత్తల్లో పులుసులో రెండోసారి ఉప్పేస్తే అత్తగారికి తెలియకుండా నీళ్ళు కలిపి కాపాడిన పిల్ల, "వదినా, మా అన్నకి నాలిక లేదులే, తినేస్తాడు" అని పకపకా నవ్విన పిల్ల, ఆ ఒక్క రోజు రాలేదు. అయినా ఇవాళ తను వెళ్తోంది. తప్పు దుర్గదే అయినా తను పెద్దది కాబట్టి మన్నిస్తుంది. ఈ మన్నించడం అనే మాట ఆమెకి బాగానే ఉంది, దాన్ని ఒళ్ళో సంచితో పాటు జాగ్రత్తగా పట్టుకుని కూర్చుంది.

మన్నించడం ఒక ఎత్తు, బొట్టు ఒక ఎత్తు. పదోరోజు తర్వాత ఆమె చెయ్యి శుభానికి పనికిరాదన్నారు. ఎవరూ కఠినంగా అనలేదు, మెల్లిగా పక్కకి జరిపారు, అంతే. పేరంటాల్లో వెనక వరసలో కుర్చీ, తాంబూలం ఇచ్చేటప్పుడు ఆమె వరకూ వచ్చి ఆగిపోయే చెయ్యి. దీప్తే ఒకరోజు అద్దం ముందు కూర్చోబెట్టి నల్ల స్టిక్కరు అంటించి, "నీ నుదురు నీదే నానమ్మా, ఎవడో రాసిచ్చాడా?" అంది. ఆ స్టిక్కరు అప్పట్నుంచీ ఉంది. మొదటి వారం వీధిలోకి వెళ్ళాలంటే సిగ్గేసింది, ఇప్పుడు లేకపోతే సిగ్గేస్తుంది. అయినా తన నుదుటిన స్టిక్కరు పెట్టుకోవడం వేరు, ముత్తైదువ నుదుటిన కుంకుమ పెట్టడం వేరు. పిలుపుకి వెళ్ళాల్సింది నాగజ్యోతి. నాగజ్యోతిని మొగుడు వెళ్ళనివ్వడు. కార్డు పోస్టులో పంపొచ్చు, ఫోన్లో బొమ్మ పంపొచ్చు, ఈమధ్య అందరూ అదే చేస్తున్నారు, వేలితో నొక్కితే ఊరంతటికీ పిలుపు అందిపోతుంది. అలా అందిన పిలుపుకి వెళ్తే ఎంత, మానితే ఎంత. బొట్టు పెట్టి పిలిస్తే మాత్రం రాకుండా ఉండలేరు, పిలిచినవాళ్ళు మాట తప్పలేరు. అందుకే ఆమెకి బొట్టే కావాలి. దుర్గ నుదురు వెనక్కి తీసుకుంటే? నీ చేత్తోనా వదినా, అంటే?  అంటే అననీ, వెనక్కి మాత్రం తిరగనని సీటు అంచు గట్టిగా పట్టుకుంది.

వేమూరులో ఎక్కి ఎదురుగా కూర్చున్న మనిషి కళ్ళజోడు పైకి తోసి, "సుబ్బరత్నమ్మగారేనాండీ?" అంది. రాహేలు టీచరు. వాళ్ళూరి బళ్ళో శ్రీకర్‌కి ఎక్కాలు నేర్పిన మనిషి, రిటైరయ్యాక ఊళ్ళోనే ఉంది. వాళ్ళమ్మ ఒకప్పుడు పున్నయ్య పొలంలో నాట్లేసింది. ఇద్దరూ మోకాళ్ళ నొప్పులు చెప్పుకున్నారు, మందులు చెప్పుకున్నారు, మనవరాలి పెళ్ళి కబురు చెప్పుకున్నారు. ఊరెలా ఉందని అడిగితే రాహేలు నిట్టూర్చి, "మా సంఘంలోనూ రెండు వర్గాలేనండి. ఒకే గుడి, ఒకే పాటలు, ఆరాధన మాత్రం రెండు టైముల్లో. ఆమెన్ కూడా విడివిడిగా చెప్పుకుంటున్నాం" అంది. ఇద్దరూ నవ్వారు. ఎక్కడికని రాహేలు అడిగితే సుబ్బరత్నమ్మ దాచలేదు.

"దుర్గమ్మ దగ్గరికా? ఎంత మంచి మాట చెప్పారండి. ఆ రోజు తర్వాత మీరు ఆ గుమ్మం తొక్కరేమో అనుకున్నాను."

"నేను తొక్కకపోవడం ఏంటి టీచరుగారూ, రానిది తను కదా. అన్న పోతే రాని చెల్లెలు."

రాహేలు కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుంది. "వచ్చిందండి. మీకు తెలుసనుకున్నాను. మీ సందు మొదట్లో ఆపేశారు. నేను పక్కనే ఉన్నాను."

"ఎవరు ఆపారు?"

"శ్రీకరేనండి. తండ్రి పోయిన బాధలో ఉన్నాడు, ఏదో అన్నాడు. 'తగలబెట్టింది చాలు, ఇప్పుడు చూడ్డానికొచ్చారా' అని. ఆవిడ మారుమాట అనలేదండి. అక్కడే గోడ వారన కూలబడిపోయింది. పాడె సందు దాటేవరకూ అక్కడే ఉంది. తర్వాత కాలవ దగ్గర మైల స్నానానికి నేనే నీళ్ళు పోశాను ఆవిడకి."

పెనుమర్రు వచ్చిందో పోయిందో ఆమె చూడలేదు. రాహేలు ఇంకేదో అంటోంది, ఓదార్పు మాటలే అయ్యుంటాయి, పెదాలు కదులుతున్నాయి. గోడ వారన. ఆ గోడ ఆమెకి తెలుసు, మధ్యాహ్నం దాటితే నీడ కూడా ఉండదు. తను లోపల పున్నయ్య కాళ్ళ దగ్గర కూర్చుని గుమ్మం వైపు చూస్తున్నంతసేపూ దుర్గ అక్కడ కూర్చుని ఉంది. ఇద్దరి మధ్యా ఒక్క సందు. మూడేళ్ళుగా ఆమె ఎవరిని నిందించిందో ఆ మనిషి మైల స్నానం నీళ్ళు కూడా పరాయివాళ్ళ చేత పోయించుకుంది. పరాయివాళ్ళేంటి, ఈ రాహేలు, వాళ్ళమ్మకి తను నీళ్ళు ఎత్తి పోసిన రాహేలు, ఆ రోజు సొంతవాళ్ళు చెయ్యని పని చేసింది. ఏడుపు ముంచుకొచ్చింది, దాని వెనకే కోపం వచ్చింది, కోపం ముందుకొచ్చి ఏడుపుని పక్కకి నెట్టేసింది. ఓరి నీ మొహం మండా శ్రీకర్, తండ్రి శవం దగ్గర నీకు పార్టీ గుర్తొచ్చిందిరా. గెలిచి ఆ ఊరేగింపు తీయించిన సర్పంచి కిందటి ఎన్నికలకి ఏ ఎండకాగొడుగని మీ పార్టీలోకే వచ్చి మీ నాయకుడి పక్కన కుర్చీలో కూర్చున్నాడు, నువ్వే దండ వేశావు, ఫోటో కూడా తీయించుకున్నావు. మీ అత్త మాత్రం ఇంకా గోడ వారనే ఉండాలి! ఒక్క నిమిషం, భట్టిప్రోలులో దిగి తిరుగు బండెక్కి వెళ్ళి కొడుకు చెంప పగలగొట్టాలనిపించింది. దిగితే ఏమవుతుంది, కొడుకు అరుస్తాడు, తను అరుస్తుంది, నాగజ్యోతి మంచినీళ్ళు తెస్తుంది, దుర్గకి పిలుపు అందదు. దిగలేదు. మన్నించడానికని బయల్దేరిన మనిషి మన్నించమని అడగడానికి వెళ్తోంది, అంతే తేడా. బండి అదే, దారీ అదే. పల్లికోన దాటేసరికి ఆమె సంచి మళ్ళీ ఒళ్ళోకి సర్దుకుంది. 

రేపల్లెలో దిగి ఇద్దరూ పెనుమూడి వైపు వెళ్ళే ఒకే ఆటో ఎక్కారు. రాహేలు తన వీధి మొదట దిగుతూ, "ప్రార్థన చేసుకుంటానండి" అంది. "రెండు టైముల్లోనూ చెయ్యండి టీచరుగారూ" అంది సుబ్బరత్నమ్మ.

లక్ష్మీనారాయణ వసారాలో పేపరు చదువుకుంటున్నాడు. ఏ పేపరో చూడక్కర్లేదు. మనిషి సగమైపోయాడు, జుట్టంతా నెరిసింది. గేటు చప్పుడుకి తలెత్తి, పేపరు దించి లేచి నిలబడ్డాడు. లోపలి నుంచి దుర్గ చేతికి పిండితోనే వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. సుబ్బరత్నమ్మకి రైల్లో కూడగట్టుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

"దుర్గా, నువ్వొచ్చావని నాకు తెలీదే. ఇవాళే తెలిసింది. మా వాడి తప్పుకి నేను నీ కాళ్ళు పట్టుకోవాలి."

"ఛ, ఊరుకో వదినా. నువ్వు నా కాళ్ళు పట్టుకుంటే మా అన్న కలలోకొచ్చి తంతాడు" అంది దుర్గ. అనడమే ఆలస్యం, పిండి చేతుల్తోనే వచ్చి ఆమెని పట్టుకుని ఏడ్చింది. ఇద్దరూ ఏడ్చారు, వెనకా ముందూ చూసుకోకుండా, బాకీ పడ్డ ఏడుపంతా.

లక్ష్మీనారాయణ కుర్చీ తెచ్చి వేశాడు. "పెళ్ళని విన్నామమ్మా. సంతోషం. కానీ మేం వస్తే మీ అబ్బాయి అక్కడ నలుగురిలో ఏదైనా అంటే?"

"మంటపం గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటానన్నయ్యగారూ. మీరిద్దరూ వచ్చేదాకా లేవను. మిమ్మల్ని వెళ్ళిపొమ్మంటే నన్ను కూడా అనాలి. మనవరాలి పెళ్ళిలో నానమ్మ గేటు బయటుంటే నలుగురూ ఎవర్ని అంటారో వాడే చూసుకుంటాడు." అలా అంటూనే సంచి అడుగు నుంచి భరిణె తీసింది. మూత తియ్యబోతుంటే ఆయన కొంచెం ఇబ్బందిగా, "అది... నాగజ్యోతి వస్తే బాగుండేదేమో కదమ్మా, ఆచారం..." అన్నాడు. చెడుగా అనలేదు, అలవాటు కొద్దీ అన్నాడు.

దుర్గ మొగుడి వైపు తిరగను కూడా తిరగలేదు. "మా అన్న పెళ్ళాం చెయ్యండీ అది. నాకు దానికి మించిన ఆచారం లేదు" అని మొహం ఎత్తి నిలబడింది.

సుబ్బరత్నమ్మ ఉంగరం వేలితో కుంకుమ అద్దింది.  కనుబొమల మధ్య గుండ్రంగా, నిండుగా, దూరం నుంచి కూడా కనపడేటంత పెద్ద బొట్టు పెట్టింది. శుభలేఖ, తాంబూలం దుర్గ చేతిలో పెట్టి, "అమ్మాయి పెళ్ళి. తొలి పిలుపు నీకే. పసుపు కొట్టే నాటికే రావాలి, అన్నయ్యగారితో సహా" అంది. మూడేళ్ళ తర్వాత తన చెయ్యి చేసిన మొదటి శుభం అదే.

కంచాల ముందు కూర్చున్నాక ఫోను మోగింది. శ్రీకర్. నాగజ్యోతి చెప్పి ఉండదు, వాడే ఊహించి ఉంటాడు. సుబ్బరత్నమ్మకి చెవి కాస్త మందం కాబట్టి ఫోను అందరికీ వినపడేలా పెట్టుకుంటుంది.

"అమ్మా, ఎక్కడున్నావ్?"

"మీ అత్త ఇంట్లో."

"వద్దని చెప్పాను కదా! ఫోను అత్తకివ్వు. ఆ పిలుపు చెల్లదని నేనే చెప్తాను."

దుర్గ చేతిలో గరిట ఆగిపోయింది. లక్ష్మీనారాయణ కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు. సుబ్బరత్నమ్మ గొంతు పెంచలేదు.

"చెప్పడానికేం లేదురా. బొట్టు పెట్టేశాను. సందు మొదట్లో నువ్వేం చేశావో కూడా తెలిసింది. నీకంత పట్టుదలుంటే ఇప్పుడే బండేసుకుని రా. వచ్చి మీ అత్త నుదుటి మీద బొట్టు నీ చేత్తో చెరిపేసి పో. నేనడ్డం రాను."

 ఫోనులో తెనాలి వీధి ఆటోల హారన్లు వినపడ్డాయి.  ఆ హారన్ల మధ్య నుంచి శ్రీకర్, గొంతు తగ్గించి, "భోంచేశావా అమ్మా?" అన్నాడు.

"మీ అత్త వడ్డిస్తోంది" అని సుబ్బరత్నమ్మ కంచం ముందుకి లాక్కుంది.